ఆసు పక్కన ఆరు

“పదిహేడు వచ్చిందిగా, చాలు,” అంటూ వీరరాఘవయ్య బల్ల మీద అరచేతిని అడ్డంగా ఊపాడు.

సుభద్ర ముక్కలు వేయడం ఆపింది. “నా ముందు పది ఉంది. మీ దగ్గరున్నవేంటో మళ్లీ చూసుకోండి.”

“ఆసు, ఆరు.”

“ఆసుని పదకొండు అనుకున్నారు. ఒకటి అని కూడా అనుకోవచ్చు కదా! అందుకే దీన్ని సాఫ్ట్ హ్యాండ్ అంటారు. ఇంకో ముక్క ఏదొచ్చినా ఇరవై ఒకటి దాటి ఓడిపోరు. భయమెందుకు? తీసుకోండి.”

తీసుకున్నాడు. తొమ్మిది. “చచ్చాం. ఇరవై ఆరు!”

“కాదండీ. ఇప్పుడు ఆసు ఒకటైపోయింది. పదహారు. మీరింకా ఆటలోనే ఉన్నారు.”

ఆ మాట అర్థమైనట్టే ఉండి, పట్టుకోబోతే జారిపోయింది. విమానాశ్రయం దగ్గరి పేట పాపటోయిటోయిలోని ఆ ఇంటి మీదుగా విమానమొకటి దిగుతుంటే కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. ఆ చప్పుడు తగ్గేసరికి తను ఏం లెక్కపెడుతున్నాడో కూడా ఆయనకు గుర్తు లేదు.

టౌరంగా ఊళ్లో కివీ పండ్లు ప్యాక్ చేసుకుంటూ బతికినవాడు తను; ఆ తర్వాతేం చేశాడో చప్పున గుర్తుకు రాదు. ఈ వయసులో ఈ పేకాట చదువేమిటో! కానీ పని లేక ఇంట్లో కూర్చున్నవాడు పెళ్లాం మాట వినక ఏం చేస్తాడు? సోమవారం ఇద్దరూ ఎక్కడికో వెళ్లాలట. అక్కడ ప్రశ్నలు అడుగుతారట. ఏదో ఉద్యోగమే అయ్యుంటుంది. గుచ్చి అడిగితే సుభద్ర మాట మార్చేస్తుంది. ఈమధ్య ఆమె జుట్టు ఇట్టే నెరిసిపోయింది. తన మొద్దుతనంతో వేగలేకేనేమోనని ఆయన బెంగ.

తలుపు చప్పుడైంది. శ్రీపతి. సిటీలో ఒక కేసినోలో ముక్కలు పంచే డీలరు. నల్ల వెయిస్ట్‌కోటు మీద జాకెట్ తగిలించుకుని డ్యూటీకి పోతూ వచ్చాడు. 2014 జూన్, ఈ దేశంలో నడి చలికాలం; ఆ చలి అతనితోపాటు లోపలికొచ్చింది.

“మంచిగున్నరా సార్?” అంటూ వంగి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

తనలాంటివాణ్ణి పట్టుకుని సార్ ఏమిటని వీరరాఘవయ్యకు మొహమాటం వేసింది.

“ఒక్కటి అడుగుత సార్. మీకు ఆసు, ఏడు. డీలర్ ముందు తొమ్మిది. ఏం జేస్తరు?”

“పద్దెనిమిది...” ఆయన సుభద్ర వైపు చూశాడు. ఆమె కళ్లలో జవాబు దొరకలేదు. “పద్దెనిమిది మంచిదేగా. ఆగుతాను.”

“డీలర్ బలంగ ఉన్నడు సార్. తొమ్మిది, పది, ఆసు, వీట్ల ఏది కనబడ్డా పద్దెనిమిది సరిపోదు. ఇంకో ముక్క అడగాలె. రెండు, ఏడు, ఎనిమిది అయితే ఆగాలె. మూడు నుంచి ఆరు దాక ఉంటే పందెం డబుల్ జెయ్యాలె.”

“మూడు నుంచి...” వీరరాఘవయ్య పెదవులు కదిలాయి. “ఇందాక తొమ్మిదికి ఏమన్నావ్ బాబూ?”

శ్రీపతి బూట్లు వేసుకునే నెపంతో అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, “వస్త సార్,” అని తిరిగి చూడకుండానే వెళ్లిపోయాడు.

పరాయివాడికి కూడా జాలి పుట్టేంత తెలివితక్కువవాణ్ణా నేను అని ఆయన తల దించుకున్నాడు.

“నా వల్ల కాదే. వదిలెయ్.”

“వదలను.” సుభద్ర ముక్కలు మళ్లీ కలిపింది. “ఇంకొక్కసారి చూద్దామండీ.”

ఆమె కోసం మళ్లీ కూర్చున్నాడు. ఆసు పక్కన ఆరే పడింది. ఆమె ముందు పది. ఆయన చాలాసేపు తడుముకున్నాడు. చివరికి బడిపిల్లాడిలా భయపడుతూ వేలితో బల్లను తట్టాడు.

“అడగాలి... కదూ?”

“అంతే! అంతేనండీ!” ఆ చిన్న జవాబుకే సుభద్ర మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్లకో ఆమె నవ్వుతుంటే ఆయనకూ ప్రాణం లేచొచ్చింది.

“నీ ఓపికకి దణ్ణం పెట్టాలి,” అన్నాడు. “అవునూ, నీకూ ఆ శ్రీపతికీ ఇంత బాగా నేర్పిన మహానుభావుడెవరే?”

సుభద్ర చేతిలో ముక్కలు ఆగిపోయాయి. ఆయన కళ్లలో ఏదో వెతుకుతున్నట్టు చూసింది.

“మీరేనండీ.”