ఎనిమిది పొరల ఆకాశం

“పాఠం ఇంకా ఉల్లిపాయతోనే మొదలుపెడుతున్నావా?” కుంపటి మీద చెస్ట్‌నట్ కాయలు కదుపుతూ అడిగాడు బెర్తోల్దో.

సిల్వెస్త్రో తను పాఠాలు చెప్పే పాదువా నుంచి కంచరగాడిద మీద ఇంత దూరం వచ్చింది ఆ సంగతి చెప్పడానికే.

“ఉల్లిపాయతోనే గురువుగారూ.”

“ఏడుస్తున్నారా కుర్రాళ్ళు?”

“ముందు వరసంతా.”

ముసలాయన బోసినోటితో నవ్వాడు. ఆయన కూతురు ఒర్సోలా ఇద్దరికీ వైను పోసి, తన కుట్టుపని తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది.

ఒకప్పుడు సిల్వెస్త్రో కూడా ఆ ముందు వరసలోనే కూర్చునేవాడు. బెర్తోల్దో బల్ల మీద ఉల్లిపాయను అడ్డంగా కోసి, నడిమి మొగ్గ మన భూమి అనేవాడు. దాని చుట్టూ ఒక్కో పొర ఒక్కో స్ఫటిక గోళం. గోళానికో గ్రహం పొదిగి ఉంటుంది. అన్నిటికీ పైది చుక్కల గోళం, ఆ పైన దేవుడు. కళ్ళు తుడుచుకునేవాళ్ళను చూసి, “ఏడవండి నాయనా, ఇంత అందం చూశాక ఏడవకపోతే ఎలా?” అనేవాడు. ఆ రోజుల్లో తలెత్తి చూస్తే సిల్వెస్త్రోకు సొంత ఇంటి కప్పు కింద ఉన్నంత ధీమాగా ఉండేది.

మూడేళ్ళ కిందట తోకచుక్క వచ్చింది. కనిపించినన్నాళ్ళూ సిల్వెస్త్రో దాన్ని కొలుస్తూనే ఉన్నాడు. అది చంద్రుడికి ఎంతో అవతల, గోళాలు ఉండాల్సిన చోటు గుండా అడ్డంగా దూసుకుపోయింది. ఏదీ పగల్లేదు. పగలడానికి అక్కడేమీ లేదు. అతను కిందటేడే ఆ పాఠం మానేశాడు. ఆ మాట గురువుగారు పరాయివాళ్ళ నోట వినకూడదని ఇప్పుడు వచ్చాడు.

“ఆ తోకచుక్కను చూశావట్రా నువ్వు?” ఉన్నట్టుండి అన్నాడు బెర్తోల్దో.

చెప్పాలంటే ఇదే సమయం. సిల్వెస్త్రో తలెత్తాడు. ముసలాయన కాయ ఒలవడం ఆపేసి, ఊపిరి బిగబట్టి తనవైపే చూస్తున్నాడు.

“లేదండీ. పాదువాలో అప్పుడంతా పొగమంచే.”

“పోనీలే.” బెర్తోల్దో మెల్లగా ఊపిరి వదిలాడు. “చూడ్డానికేముందిలే అందులో. తిను, చల్లారిపోతాయి.”

“ఒక్కసారి వల్లెవేద్దామా గురువుగారూ, అప్పట్లోలా?”

ఇద్దరూ గొంతు కలిపారు. చంద్రుడు, బుధుడు, శుక్రుడు, సూర్యుడు, కుజుడు, గురుడు. శని దగ్గరికి వచ్చేసరికి శిష్యుడి గొంతు వణికింది. బెర్తోల్దో అతని చెయ్యి పట్టుకుని, చుక్కల గోళం దాకా తనే పూర్తి చేశాడు.

వెళ్ళేటప్పుడు సిల్వెస్త్రో ఆయన చేతిని ముద్దు పెట్టుకుని, మొహం చూపించకుండా కంచరగాడిదనెక్కాడు. అతను కొండ మలుపు తిరిగేదాకా ముసలాయన గుమ్మంలోనే నిలబడ్డాడు.

“ఏంటి నాన్నా, అలా ఉన్నావు?” అంది ఒర్సోలా.

“గోళాలు లేవని పాపం వాడికింకా తెలియదమ్మా.”