లైట్లే చెబుతాయి

వంటింట్లో లైటు వెలిగింది. ఆ వెంటనే ఆమె ఫోను మోగింది.

"ఈ వేళప్పుడు వంటింట్లో ఏం పని?" ఆఫీసు నుంచి మొగుడు.

"గిన్నెలు మిగిలాయండీ."

"పొద్దున్నే కడిగి చావొచ్చుగా! ఆ మోతేంటి?"

"బట్టలు మెషీన్లో వేశాను."

"ఆ డొక్కు మెషీను ఏదో ఒకరోజు కొంప కూల్చేస్తుంది" అని పెట్టేశాడు.

ఆమె ఫోను ఒళ్లో పెట్టుకుంది.

ఆ ఇంట్లో కెమెరాలు లేవు. "పెళ్లాం మీద కెమెరాలు పెట్టేంత అనుమానప్పక్షిని కాను" అని అతను నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాడు. అక్కర్లేదు మరి. తలుపు తాళం అతని ఫోనులో. ఏసీ అతని ఫోనులో. కిటికీ తెరలు తీయకూడదు కాబట్టి ఆ ఇంటికి పట్టపగలే లైటు కావాలి. ఏ గదిలో వెలిగినా, ఆరినా అతనికి కబురు. "నువ్వెక్కడున్నావో లైట్లే చెబుతాయి" అంటాడు నవ్వుతూ. ఆర్పడం మరిచిపోయానని వంక పెట్టకుండా లైట్లూ గీజరూ మాత్రం ఆమె ఫోనులోనూ పెట్టాడు.

పొద్దున చెత్తబండి వచ్చే వేళకు తలుపు ఒక్కసారి తెరుచుకుంటుంది. చెత్త కంపు అతనికి పడదు. ఈరోజూ తెరుచుకుంది, మూసుకుంది.

పోయిన వేసవిలో ఆ కాస్త వేళలోనే పక్కింటావిడతో రెండు మాటలు ఎక్కువ మాట్లాడింది. ఆ రోజంతా ఏసీ ఆపేశాడు. సాయంత్రం అతను వచ్చేసరికి ఆమె బాత్రూం గచ్చు మీద స్పృహ లేకుండా పడి ఉంది. "నీ మంచికే" అన్నాడు.

ఈరోజు అతను మధ్యాహ్నం ఇంటికి రాకూడదు. వచ్చాడా, అంతా బూడిదలో పోసిన పన్నీరే.

మళ్లీ ఫోను. ఈసారి అక్క.

"ఏమే, వాడికి అనుమానం రాలేదుగా?"

"ఇప్పటికైతే లేదక్కా. భయంగానే ఉంది."

"సాయంత్రం దాకా ఉగ్గబట్టుకో. మీ బావ కారు తీసుకుని వస్తారు."

ఆమె గీజరు వేసింది. కాసేపాగి ఆపింది. వంటింట్లో ఆర్పి హాల్లో లైటు వేసింది.

వెంటనే మోగింది.

"ఇందాక చేస్తే బిజీ వచ్చింది. ఎవరితోనే ముచ్చట్లు?"

"అక్క చేసిందండీ."

"ఆ పుల్లలు పెట్టే మహాతల్లితో మాట్లాడొద్దన్నానా లేదా? ఉండు, ఇప్పుడే బయల్దేరుతున్నా!"



"వద్దండీ! మీటింగుందన్నారుగా. తప్పయిపోయింది. కావాలంటే రేపు తలుపు తెరవకండి. ఏసీ కూడా ఆపెయ్యండి. నోరెత్తను."

అటువైపు చిన్న నవ్వు.

"ఇప్పుడు దారికొచ్చావు. రేపు తలుపు తెరుచుకోదు. ఏసీ ఆగింది. రాత్రి నేనొచ్చేదాకా ఉడుకు. పో, పడగ్గదిలో కూర్చుని ఏడు."

"అలాగేనండీ."

ఆమె ఆ ఇంటి హాల్లో లైటు ఆర్పి, పడగ్గదిలో లైటు వేసి, రైలు కిటికీలోంచి చల్లగా కొడుతున్న గాలికి మొహం అప్పగించింది.