మోగని ఫోను

పై వాటాలో ఫోను మోగింది. కింద వాటాలో చిన్నకోడలి కడుపు భగ్గుమంది.

మోగింది చంటిగాడి ఫోను. చంటి అంటే పసివాడనుకునేరు. ఆమె తోడికోడలి కొడుకు, గడ్డాలూ మీసాలూ వచ్చినవాడు. కంపెనీలో వాడు ముందు చేరాడు, ఆ వెనకే ఆమె కూతురు బుల్లి చేరింది. ఇద్దరిదీ ఒకే చదువు. ఉద్యోగం పేరు డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్. ఆ మాటకు నోరు తిరగడానికే ఆమెకు చాలా రోజులు పట్టింది. కంపెనీ లెక్కలూ, జనం వివరాలూ అన్నీ కంప్యూటర్లలో ఒకచోట దాస్తారట. అవి చెడిపోకుండా, అడగ్గానే దొరికేలా చూసుకోవాలట. ఇంట్లో కొట్టుగది తాళంచెవి బొడ్లో దోపుకున్నట్టన్నమాట అని సరిపెట్టుకుంది.

మరి తాళంచెవి ఇద్దరి దగ్గరా ఉన్నప్పుడు, పిలుపులన్నీ వాడికేనా?

స్నానం మధ్యలో పిలుపు. క్షవరం మధ్యలో పిలుపు. ఫోను మోగిందంటే చాలు, చంటిగాడు తేలు కుట్టినట్టు లేస్తాడు. కంప్యూటర్ దగ్గరికి వాడు పరిగెత్తే చప్పుడుకి కింద వాటా కప్పు దద్దరిల్లుతుంది.

పెద్దకోడలికి మాత్రం ఆ మోత చెవుల్లో తేనె పోసినట్టుంటుంది. పిట్టగోడ మీంచి వంగి మరీ చెబుతుంది.

"ఏం చెప్పను చెల్లీ! మావాడు లేకపోతే అక్కడ పూట గడవదు. మీ బుల్లే నయం, దాని జోలికెవరూ రారు. అదృష్టవంతురాలు."

ఆ అదృష్టం చిన్నకోడలి గుండెల్లో సూదిలా దిగేది. నిజమే, బుల్లి ఫోను ఎండలో పడుకున్న పిల్లిలా బల్లమీద పడి ఉంటుంది. ఎప్పుడైనా మోగితే అది రాంగు నంబరే.

"నీకెందుకే ఫోన్లు రావు?" ఉండబట్టలేక ఒకరోజు అడిగేసింది.

"రాకపోతేనే మంచిదమ్మా. మా పని సరిగ్గా ఉంటే మమ్మల్నెవరూ తలుచుకోరు."

"ఆడలేనమ్మ మద్దెల ఓడందిట!"

బుల్లి పకపకా నవ్వింది. "నీకు దిగులుపడడానికి వేరే ఏమీ దొరకలేదా ఇవాళ?"

పిల్ల నవ్విందంటే లోపల కుమిలిపోతోందనే ఆమె లెక్క. పైగా కొత్తగా గదిలోకి వెళ్ళి తలుపేసుకోవడం ఒకటి మొదలైంది. ఇది తలుపేసుకుంటుంది, పైన ఫోను మోగుతుంది. ఆ మోత వినలేకే ముందుగా పారిపోతోంది పిచ్చితల్లి, అనుకుని కళ్ళొత్తుకునేది.

ఆ ఆదివారం అందరికీ పై వాటాలోనే భోజనాలు. "మీరు వెళ్తూండండి, వెనకే వస్తా" అని బుల్లి కిందే ఉండిపోయింది. కంచాల ముందు కూర్చున్నారో లేదో, చంటిగాడి ఫోను మోగింది.

"చూస్తున్నా మేడమ్... లేదు మేడమ్... ఇప్పుడే మేడమ్..."

ఎంగిలి చేత్తోనే పరుగు.

"ఆ మేడమ్ ఎవరోగానీ వీణ్ణి నాలుగు మెతుకులు తిననివ్వదు కదా!" అన్నాడు వాడి తండ్రి.

"పెద్దావిడటండీ. ఆదివారమైనా సరే, మనవాడితో మాట్లాడితేగానీ తోచదావిడకి" అంది పెద్దకోడలు. కళ్ళు మాత్రం తోడికోడలి మొహం మీదే ఉన్నాయి.

చిన్నకోడలు అన్నంలో వేళ్ళు కెలుకుతూ కూర్చుంది. ఎంత పెద్ద మేడమో! ఆ నోటివెంట బుల్లి పేరు ఒక్కసారైనా వస్తుందా?

అప్పుడొచ్చింది బుల్లి, తీరిగ్గా.

"ఏమ్మా, నిద్దరోయావా?"

"ఆకలేస్తోంది పెద్దమ్మా" అని కంచం ముందుకి లాక్కుంది.

పెద్దకోడలు వడ్డిస్తూ వడ్డిస్తూ పిడుగులాంటి మాట అంది. "కంపెనీలో కొంతమందిని తీసేస్తున్నారటగా. ఆ సంగతి తెలిసినప్పట్నుంచీ మా చంటి సరిగ్గా తిండే తినడం లేదు. జాలిగుండె వెధవది. అయినా, పనీపాటా లేనివాళ్ళనేగా తీసేది!"

బుల్లి తలెత్తలేదు. తల్లి అది చూసింది. ఇంకేముంది! మెట్లు దిగేలోపే ఆమె మనసులో కూతురి ఉద్యోగం ఊడింది. పిల్ల మంచం పట్టింది. డాక్టరు పెదవి విరిచాడు. పెద్దకోడలు పళ్ళు పట్టుకుని పరామర్శకి కూడా వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే బుల్లి ఆఫీసుకి వెళ్ళిపోయింది. చిన్నకోడలు తన కుళ్ళునంతా చేదుమందులా గుటుక్కున మింగి, మెట్ల కింద కాపు కాసింది. చంటిగాడు దిగాడు. కళ్ళు గుంటలు పడి, మొహం పీక్కుపోయి ఉంది.

"ఒక్కమాట నాన్నా!"

"త్వరగా చెప్పు పిన్నీ, ఆలస్యమైతే చంపేస్తారు."

"నిన్నెవర్రా చంపేది? నువ్వంటే అక్కడ ఎంత గురి! ఆ మేడమ్‌గారికి నువ్వు చెబితే కాదనదు. మన బుల్లిని తియ్యకుండా చూడమనరా. దానికి పని రాకపోతే నువ్వే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పు. నీకు పుణ్యముంటుంది."

చంటిగాడు బ్యాగు మెట్టు మీద పెట్టాడు. తల్లి వింటోందేమోనని పైకొకసారి చూశాడు. తర్వాత పిన్ని రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు.

"అమ్మకి మాత్రం తెలియనివ్వకు పిన్నీ, ఈమధ్యే నాకు పై అధికారి అయిన ఆ మేడమ్ మన బుల్లే, నన్ను తీసెయ్యొద్దని నువ్వే దానికి ఒక్కమాట చెప్పాలి!"