అడుగు పూత

గోనెసంచి మడత కాస్త తొలగించి చూసిన అల్లుడు ఉలిక్కిపడ్డాడు. లోపలున్న ఇనుప ముక్కకి వెల్డింగు అతుకు చుట్టూ నల్లరంగు పొక్కిపోయింది. ఎర్రటి తుప్పు చారలు కిందికి కారాయి. గబగబా రెండో గోనె కూడా విప్పి చూశాడు. అది మాత్రం నిక్షేపంగా, నిగనిగలాడుతూ ఉంది.

తుప్పు పట్టినది వంటింటి వైపు కొక్కేనికి వేలాడుతోంది. అంటే అల్లుడిది. గోడ వైపుది మామగారిది.

ఇంకాసేపట్లో జీపుల యజమానురాలు వచ్చేస్తుంది. ఆవిడ జీపులన్నీ సముద్రం ఒడ్డునే తిరుగుతాయి. వాటికి ముందు గార్డులు, ఫుట్‌రెస్టులు, పైన లగేజీ క్యారియర్లు, అన్నీ మామగారి వెల్డింగు షాపులోనే చేయించి పూత వేయిద్దామని ఆవిడ ఆశ. పైన నలుపు వెయ్యడంలో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ నలుపు కింద వేసే అడుగు పూత గురించే. రెడ్ ఆక్సైడ్‌ని మించింది లేదని మామగారు, ఉప్పు గాలికి జింక్ ప్రైమరే ఆగుతుందని అల్లుడు షాపు పైకప్పు ఎగిరిపోయేలా అరుచుకుంటుంటే, "ముందు మీరిద్దరూ తేల్చుకోండి, తర్వాత నా జీపుల సంగతి చూద్దాం" అని ఆవిడ చక్కా పోయింది.

తేల్చే బాధ్యత అత్తగారు నెత్తిన వేసుకున్నారు. ఒకే గార్డు నుంచి కోసిన రెండు ముక్కలు. చెరో అడుగు పూత, పైన ఒకే నలుపు. పేర్లు చెక్కితే పూత దెబ్బతింటుంది కాబట్టి ఎవరి కొక్కెం వాళ్ళకే గుర్తు. గోనెల్లో చుట్టి పెరట్లో వేలాడదీసి, రోజూ పైనుంచి ఉప్పునీళ్ళు పోసింది కూడా ఆవిడే. మధ్యలో ఎవరూ విప్పి చూడకూడదు. ఎవరి ముక్క తుప్పు పడితే వాళ్ళు ఇక జన్మలో షాపులో పూతల ఊసెత్తకూడదు.

"కొంప మునిగింది" అనుకున్నాడు అల్లుడు. జింకు జింకు అని ఇంటిల్లిపాదినీ ఊదరగొట్టినవాడు ఇప్పుడు తలెక్కడ పెట్టుకోవాలి? అత్తగారు వంటింట్లో పాలు కాస్తున్నారు. మామగారు స్నానాల గదిలో కూనిరాగం తీస్తున్నారు. ఆలోచించేలోపే అల్లుడి చేతులు పని కానిచ్చేశాయి. రెండు ముక్కల్నీ గోనెలతో సహా తీసి, ఇటుది అటు, అటుది ఇటు తగిలించేశాడు. ఏమీ ఎరగనట్టు వచ్చి పేపరు పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా అల్లుడూ, పేపరు తలకిందులుగా పట్టుకున్నావేం?" మామగారు తల తుడుచుకుంటూ మహా హుషారుగా వచ్చారు.

"అబ్బే, ఏం లేదు మావయ్యా."

"ఓడితే మాత్రం ఏమైందయ్యా! మనం మనం ఒకటే కదా."

అల్లుడు తల ఊపాడు.

జీపుల యజమానురాలు రానే వచ్చింది. అందరూ పెరట్లోకి నడిచారు. అత్తగారు కొంగు బిగించి, "ఇదిగోనమ్మా, వంటింటి వైపుది అల్లుడిది, గోడ వైపుది ఈయనది. మీ కళ్ళతో మీరే చూసుకోండి" అంటూ గోనెలు విప్పారు.

"అబ్బ! ఇది నిన్న వేసినట్టే ఉంది" అంది యజమానురాలు వంటింటి వైపు ముక్కని నిమిరి. గోడ వైపుది చూసి, "అయ్యో" అంది.

మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. వంటింటి వంక చూశారు. గోడ వంక చూశారు.

"మాట్లాడరేమండీ?" అన్నారు అత్తగారు.

"ఏముంది మాట్లాడ్డానికి..." మామగారి గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. "పైవాడు అన్నీ చూస్తూనే ఉంటాడు. ఇకనుంచి అల్లుడు చెప్పినట్టే కానిద్దాం."

"సరే అయితే, అన్నిటికీ జింకే వేసెయ్యండి" అంది యజమానురాలు.

అల్లుడికి గెలిచిన సంతోషం పిసరంతైనా లేదు. ఆ పెద్దాయన అలా నీరుగారిపోవడం చూడలేకపోయాడు. పైగా రేపు ఈవిడ జీపులన్నీ ఆ ముక్కలాగే పొక్కిపోతే? ఆ పాపం ఎవరిది? ఆవిడ గుమ్మం దాకా వెళ్ళేసరికి ఇక ఆగలేకపోయాడు.

"ఆగండమ్మా! తప్పు నాది. పొద్దున్న విప్పి చూశాను. తుప్పు పట్టింది నా కొక్కేనికి ఉన్న ముక్కే. సిగ్గేసి రెండూ మార్చేశాను. గెలిచింది మావయ్యే. మీరు రెడ్ ఆక్సైడే వేయించుకోండి."

అత్తగారు బుగ్గన చెయ్యి పెట్టుకున్నారు. తిట్లు పడతాయని అల్లుడు తల దించుకున్నాడు. కానీ మామగారి ముఖం చేటంత అయింది.

"నువ్వా మార్చింది! హమ్మయ్య! పైవాడే దిగొచ్చి మార్చేశాడేమోనని హడలి చచ్చాను కదయ్యా!"

అల్లుడికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. మామగారు తల గోక్కుంటూ జీపుల యజమానురాలి వైపు తిరిగారు.

"జింకే వేయించుకోండమ్మా. నిన్న సాయంత్రం నేనూ ఓసారి మార్చాను."