ఖాళీ అట్టపెట్టె

“ఒక్కరంటే ఒక్కరు. ఈ హాల్లో పనేమీ చెయ్యకుండా జీతం తీసుకుంటున్న మనిషి ఒక్కరిని పట్టివ్వండి. మీ ఉద్యోగం పర్మనెంటు చేస్తాను,” అన్నాడు ఫ్యాన్ల ఫ్యాక్టరీ మేనేజరు.

“దొరక్కపోతే సార్?”

“దొరక్కపోతే మనం మళ్ళీ కూర్చుని మాట్లాడుకుందాం.”

ఆ మాటకి అర్థమేమిటో తెలియనంత అమాయకురాలు కాదామె. తలూపి బయటికొచ్చింది.

ఆమె చదివింది ఇండస్ట్రియల్ ఇంజనీరింగు. ఇంట్లో ఆ పేరుకి ఎవరికీ నోరు తిరగదు. సీటొచ్చిన రోజే వాళ్ళమ్మ నిలదీసింది.

“మిషన్లు తయారుచేస్తారా?”

“చెయ్యం.”

“బిల్డింగులు కడతారా?”

“కట్టం.”

“మరేం చేసి చస్తారే?”

“పనిచేసేవాళ్ళని చూస్తామమ్మా. ఎక్కడ శ్రమ వృథా అవుతోందో కనిపెడతాం.”

“చూడ్డానికి నాలుగేళ్ళ చదువా! అయితే మీ నాన్నని చేర్పించాల్సింది. నేను వంటింట్లో సతమతమవుతుంటే ఆయన కుర్చీలో కూర్చుని చేసేది అదేగా.”

అమ్మ ఎగతాళి ఎలా ఉన్నా, తోటివాళ్ళంతా తలో చోట కుదురుకున్నారు. ఒకడు ఆస్పత్రిలో క్యూలు తగ్గిస్తున్నాడు. ఒకమ్మాయి విమానాశ్రయంలో ప్రయాణికుల పెట్టెలు తప్పిపోకుండా చూస్తోంది. ఇంకొకడు పెద్ద గోడౌన్లో ఇటున్న అరలు అటు మార్చి, ప్రమోషను కూడా కొట్టేశాడు. ఈమె మాత్రం ఇంట్లో మిగిలిపోయి వంటింటి డబ్బాలు శాస్త్రీయంగా సర్దింది. ఉప్పు కోసం ఇల్లంతా వెతికిన అమ్మ చేత చీవాట్లు తింది. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ ఆ డబ్బాలే గతి.

ఎవరో చూస్తున్నారని తెలిస్తే మనుషులు మామూలుగా పనిచెయ్యరు. కొందరు లేని హడావిడి చేస్తారు. కొందరు కావాలని నత్తనడక నడుస్తారు. అందుకే ఆమె ఇంజనీరన్న సంగతి హాల్లో ఎవరికీ తెలియనివ్వలేదు. అందరిలాగే నీలం చొక్కా తొడుక్కుని, ఒక ఖాళీ అట్టపెట్టె పట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగేది. చేతిలో పెట్టె ఉన్న మనిషిని ఎక్కడికని ఎవరూ అడగరు. ఈ కిటుకు ఏ ప్రొఫెసరూ చెప్పలేదు, పూర్తిగా ఆమె సొంతం.

తిరిగిన కొద్దీ దిగులే మిగిలింది. రెక్కలు బిగించేవాళ్ళు తలెత్తరు. వైర్లు కలిపే ఆడవాళ్ళు అత్తగార్లని ఆడిపోసుకుంటూనే చేతులు ఆపరు. అందరూ ఇంత బుద్ధిమంతులైతే నా గతేం కాను అని ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు కంటబడ్డాడు స్క్రూ బాబాయ్.

హాల్లోవాళ్ళు పెట్టిన పేరే అది. నడివయసు మనిషి, వెలిసిపోయిన చొక్కా, చేతిలో స్క్రూడ్రైవరు. మూలనున్న మిషను పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటాడు. ఉన్న ఒక్క స్క్రూనీ బిగిస్తాడు, వదులు చేస్తాడు, మళ్ళీ బిగిస్తాడు. కాసేపు తలెత్తి దిక్కులు చూస్తాడు. మళ్ళీ అదే స్క్రూ.

ఎంత సంతోషమేసిందో ఆమెకి! దగ్గరికెళ్ళి మాట కలిపింది.

“ఆ స్క్రూ ఇంకా బిగుసుకోలేదా బాబాయ్?”

“ఇది మహా మొండి ఘటం తల్లీ. నీ పెట్టె ఇంకా చేరాల్సిన చోటికి చేరలేదా?”

ఇద్దరూ నవ్వుకున్నారు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ మధ్యాహ్నం నుంచి ఆయన రోజూ ఆమెని పిలిచి తన క్యారేజీలో సగం పెట్టడం మొదలుపెట్టాడు.

“తిను తల్లీ. మా అమ్మాయిదీ నీ ఈడే. పాత కంపెనీ మూతపడ్డాక ఇల్లు గడవడమే గగనమైపోయింది. ఏం చేసైనా ఈ ఉద్యోగం నిలబెట్టుకోవాలి.”

ఆమెకి ముద్ద దిగలేదు.

“నీకూ ఇది అంత అవసరమేనా అమ్మాయ్?”

“చాలా అవసరం బాబాయ్.”

“అయ్యో,” అన్నాడాయన. ఆ తర్వాత ఆయన కూడా సరిగ్గా తినలేదు. ఎవరి కష్టమో విని ఇంత బాధపడే మనిషిని ఎలా వీధిన పడెయ్యడం? ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం వాళ్ళమ్మని అడిగింది. “అమ్మా, చాలా మంచాయన. నా మూలంగా ఆయన నోటి దగ్గర కూడు పోయేలా ఉంది. ఏం చెయ్యను?”

“నీ కూడు సంగతేమిటి?”

“ఆయన గురించి చెప్పకపోతే నాది పోతుంది.”

“ఆ ఉప్పు డబ్బా కాస్త ఇలా అందుకో,” అంది వాళ్ళమ్మ. ఆమె అందుకుని ఇచ్చింది. ఆ డబ్బా చూడగానే మనసు రాయి చేసుకుంది.

మర్నాడు మేనేజరు కబురు పెట్టాడు. మెట్ల దగ్గర స్క్రూ బాబాయ్ ఎదురొచ్చి, క్యారేజీ మొత్తం ఆమె చేతిలో పెట్టాడు.

“ఇవాళ నాకు ఆకలిగా లేదు. అంతా నువ్వే తినెయ్ తల్లీ,” అని, ఆమె మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ క్యారేజీతోనే మేనేజరు గదిలోకి అడుగుపెట్టింది.

“దొరికారా ఎవరైనా?”

“స్క్రూ బాబాయ్ సార్,” అంది. “రోజంతా ఒకే స్క్రూ తిప్పుతుంటారు. ఆయన లేకపోయినా ఇక్కడ ఏ పనీ ఆగదు.”

మేనేజరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఆయనా మీ చదువే చదివాడమ్మా, మీకిచ్చిన పనే ఆయనకీ ఇచ్చాను, హాలంతట్లో పనిలేని మనిషంటూ ఉంటే అది అట్టపెట్టె పట్టుకు తిరిగే ఆ పిల్లొక్కతేనని ఇందాకే కళ్ళు తుడుచుకుంటూ చెప్పి వెళ్ళాడు.”