రెండో కుండ నూనె

"మంద మొత్తానికీ కానుగ నూనె పూయిస్తా," అని మాటిచ్చిన పెద్దపొట్టేలు, మొదటి కుండ తన ఒంటికే పట్టించుకుని రెండోది వెనకాల దాచుకుంది. పొలుసులు రాలుతున్న మందంతా ఒకే గుంజకు ఒళ్లు రుద్దుకుంటూ ఉంటే, నాలుగు రోజులకే పొట్టేలుకీ దురద తిరగబెట్టింది.

"మీ మురికే నాకంటింది," అని అది విసుక్కుంది.

కుర్ర మేకపోతుకు ఒళ్లు మండింది. గోకి గోకి పుండ్లు పడ్డ దాని చెల్లెలు పాలు కూడా తాగడం లేదు.

"మురికైతే ఏట్లో మునిగినప్పుడే పోయేది పెద్దయ్యా. ఇది గజ్జి పురుగు. అందరం ఒక్కరోజే పూసుకుంటే తప్ప చావదు. వైద్యం భిక్ష కాదు, హక్కు."

"నినాదాలతో దురద తగ్గుతుందట్రా?"

"నూనెతోనే తగ్గుతుంది. అది అందరికీ పంచుతారో, మాతోపాటే జీవితాంతం గోక్కుంటారో, కార్తీక పున్నమికల్లా జవాబు చెప్పండి."