కోడి ఆనవాళ్లు

“మంచి కోడి అని రాస్తే ఎవడు పట్టుకస్తడే కోడలు పిల్లా? ఆర్మూర్ల చెడ్డ కోడి ఒక్కటన్న ఉన్నదా?”

భూమేశ్వర్ నోట్‌బుక్‌ను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, చివరికి తలకిందులుగా కూడా పెట్టి చూశాడు. దుకాణంలో పసుపు బస్తాల మీద కూర్చుని మేనమామ అలా నవ్వుతుంటే తొమ్మిదేళ్ల సాహితికి ఏడుపొచ్చింది. ‘కనబడుటలేదు’ అని ఒక ప్రకటన రాయమంది దివ్యశ్రీ టీచర్. సాహితిది రెండుసార్లు వెనక్కి వచ్చింది. రేపు సోమవారం, ఆఖరిసారి. ఇదీ తప్పితే ప్రార్థనలో అందరి ముందు చదివే ఐదుగురిలో ఆమె ఉండదు.

“టీచరమ్మ ఏమన్నది?”

“చదివినోళ్లు చూడంగనే గుర్తుపట్టాలన్నది.”

“నువ్వేం రాసినవ్? ‘మా కోడి పోయింది. అది మంచి కోడి. తెల్లగా ఉండును.’ గిది కోడా, సున్నమేసిన గోడా?”

“నువ్వు ఏడో తరగతి ఫెయిలని అమ్మ చెప్పింది.”

“ఫెయిల్ గాలేదే. పరీక్షకే పోలే.”

భూమేశ్వర్ బస్తాలోంచి పసుపు కొమ్ము తీసి ఫట్‌మని విరిచాడు. లోపల ముదురు రంగు మెరిసింది.

“రైతొచ్చి ‘మంచి పసుపు సేటూ’ అంటే నేనింటనా? ఇరిచి చూపియ్యాలె. నువ్వు గూడ కోడిని ఇరిచి చూపియ్యి.”

“అయ్యో! పాపం!”

“మాటతోని ఇరువే. ఎట్ల నడుస్తది?”

సాహితి కళ్లు మూసుకుంది. “ఎడమకాలు కుంటుతది. ఒక అడుగేసి, జర ఆగి, ఎవలన్న చూస్తున్నరా అని చూసి, ఇంకో అడుగేస్తది.”

“గట్ల చెప్పు! ఇంక?”

“ఎడమ రెక్క మీద పసుపు మరక. పసుపు ఆరబోసిన కాడ పండుకుంటది. నెత్తి మీద ఎర్ర జుట్టు కొస తెగింది. పిల్లితోని కొట్లాడింది.”

“గెలిచిందా?”

“పిల్లే ఉరికింది.”

“శభాష్! ఇంక?”

“స్టీలు పళ్లెం మీద చెంచతోని కొడితే యాడున్నా ఉరికొస్తది. ఇంకే చప్పుడుకూ రాదు.”

అంతా రాయించాక భూమేశ్వర్ ఆ పేజీని సర్రున చింపాడు.

“వద్దు మామా! నోట్‌బుక్‌లనే ఉండాలె!”

“నోట్‌బుక్‌ల ఉంటే ఎవలు గుర్తుపడ్తరే? ఇంకోటి రాసుకో.”

సాహితి వెంటపడి లాగుతున్నా వినకుండా, ఎదురుగా ఉన్న చాయ్ బండికి దాన్ని అతికించి వచ్చాడు.

మధ్యాహ్నానికల్లా హమాలీ హన్మాండ్లు ఓ తెల్లకోడిని చంకలో పెట్టుకుని దిగాడు.

“గిదే గదా బిడ్డా?”

సాహితి మామ వైపు చూసింది. “నాకేం తెల్సు? రాసినామెను అడుగు,” అని భూమేశ్వర్ మీసాల్లో నవ్వు దాచుకున్నాడు.

ఆమె కోడి చుట్టూ ఒకసారి తిరిగింది. “రెక్కకు మరక లేదు. కాళ్లు రెండూ మంచిగనే ఉన్నయ్. ఇది కాదు తాతా.”

“నిజమే. జుట్టు గూడ సక్కగున్నది.” హన్మాండ్లు తల గోక్కున్నాడు. “సదివిన కాడికెల్లి నా కండ్లల్లనే తిరుగుతుంది బిడ్డా!”

ఆ తర్వాత ఇంకో రెండు కోళ్లు, ఒక పుంజు వచ్చాయి. పుంజును చూసి భూమేశ్వర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. “గుడ్లు పెడ్తదని గూడ రాయకపోతివి!”

పొద్దువాలుతుండగా, దుకాణం వెనక వాడలో ఉండే అంజవ్వ గంప ఎత్తుకుని వచ్చింది.

“చాయ్ బండాయన సదివి వినిపించిండు బిడ్డా. కండ్ల ముందట కనవడ్డది. నెల దినాల సంది నా వాకిట్లనే తిరుగుతుంది, ఎవలదో తెల్వక సాదుతున్న.”

గంప తీసింది. తెల్లకోడి ఒక అడుగేసింది. ఆగింది. చుట్టూ చూసింది. ఎడమకాలు కుంటుతూ ఇంకో అడుగేసింది.

చాయ్ తాగుతున్న వాళ్లంతా గుమిగూడారు. హన్మాండ్లు రెక్క విప్పి చూశాడు. పసుపు మరక. జుట్టు కొస తెగి ఉంది.

“పళ్లెం! పళ్లెం కొట్టుండ్రి!”

ఎవరో పళ్లెం, చెంచా తెచ్చి సాహితి చేతిలో పెట్టారు. ఆమె చెంచాతో ఒక్కటి కొట్టింది. కోడి కుంటుకుంటూ ఉరికొచ్చి ఆమె పాదాల దగ్గర కూర్చుంది.

“గుర్తుపట్టింది!” అందరూ చప్పట్లు కొట్టారు. అంజవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. “తీస్కపో బిడ్డా. మంచిగ రాసినవ్, గందుకే దొరికింది.”

పొద్దుటి నుంచి నవ్వుతూనే ఉన్న భూమేశ్వర్ చాయ్ బండి మీది కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాడు. సాహితి కోడిని చంకనెత్తుకుని అతని చొక్కా లాగింది.

“మామా, ఇప్పుడు టీచరమ్మ టిక్కు పెడ్తది గదా?”

అతను కోడినీ, కోడలినీ మార్చి మార్చి చూశాడు.

సాహితికి అసలు కోడే లేదు.